పొగ మానేశాక ఆయాసం తగ్గించుకోవడం: ఇంట్లోనే ఎనిమిది వారాల సాధన

పాతికేళ్లు బీడీలో సిగరెట్లో కాల్చి మానేసిన మనిషికి ఇంట్లోవాళ్లు ముందుగా కొనిచ్చేది మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా. కరోనా తర్వాత అది దొరకని మందుల షాపు లేదు. చాలామంది దాన్ని ఊదుతుంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. అయినా ముఖ్యంగా అది ఆపరేషన్ అయినవాళ్లకు ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోకుండా ఉండేందుకు వాడే పరికరం. పొగ వల్ల వచ్చే సీఓపీడీలో (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఇబ్బంది వేరు. గాలి లోపలికి పోతుంది గానీ పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే చిక్కుకుని ఛాతీ ఉబ్బి ఉంటుంది, కొత్త గాలికి చోటుండదు. బంతులు లేపినా, బుడగలు ఊదినా ఆ చిక్కు వీడదు.

చేయాల్సిన పని ఎక్కువగా కాళ్లతో. ఆయాసం వస్తుందని మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడ కండరాలు చిక్కిపోతాయి. చిక్కిన కండరం అదే నాలుగడుగులకు తొందరగా అలిసిపోయి ఊపిరి మీద ఇంకా భారం వేస్తుంది. ఈసారి ఆయాసం ఇంకొంచెం ముందే వస్తుంది, మనిషి ఇంకొంచెం ఎక్కువ కూర్చుంటాడు. పల్మనరీ రీహాబ్ అంటే ఈ చక్రాన్ని వెనక్కి తిప్పడమే. పాడైన ఊపిరితిత్తి తిరిగి రాదు, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష) అంకె కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అదే ఊపిరితిత్తులతో ఎక్కువ దూరం, తక్కువ ఆయాసంతో నడవగలుగుతారు. ఈ శిక్షణ ఇచ్చే సెంటర్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువ, ఉన్నవీ ఎక్కువగా నగరాల్లోనే. సరిగ్గా చేస్తే ఇంటి సాధన కూడా బాగానే పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఛాతీ డాక్టర్‌కి చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు. స్పైరోమెట్రీ చేయించుకోండి (ల్యాబుల్లో పీఎఫ్‌టీ అంటారు). ఊపిరి గొట్టాలు వెడల్పు చేసే మందు పీల్పించాక కూడా మొదటి సెకనులో వదిలిన గాలి, మొత్తం వదిలిన గాలిలో 70 శాతం కన్నా తక్కువ ఉంటే సీఓపీడీ అని తేలుస్తారు. ఎక్స్‌రే ఒక్కటీ చూసి చెప్పేది కాదు ఇది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీకి కళ్లె పరీక్ష కూడా చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ఈ జబ్బుల కోసమే ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లోనూ ఛాతీ విభాగం ఉంటుంది.

ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కళ్లెలో రక్తం పడుతున్నవాళ్లు ముందు వాటి సంగతి చూసుకోవాలి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) 88 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తుంటే డాక్టర్ చెప్పేదాకా సాధన వద్దు.

డాక్టర్ దగ్గర ఉన్నప్పుడే ఆరు నిమిషాల నడక పరీక్ష అడిగి చేయించుకుని, ఎన్ని మీటర్లు నడిచారో రాయించుకోండి. మీ నడక వేగం ఆ అంకె నుంచే తీస్తాం.

కావలసినవి పెద్దగా లేవు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, వేలికి పెట్టే ఆక్సీమీటర్, అరలీటర్ నీళ్ల సీసాలు రెండు, సెకన్లు చూపే గడియారం, ఒక నోటు పుస్తకం. ఆక్సీమీటర్ పెట్టే వేలికి నెయిల్ పాలిష్ గానీ ముదురు గోరింటాకు గానీ ఉండకూడదు. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడి చేసి పెట్టండి. అంకె నిలకడగా ఉండేదాకా అర నిమిషమైనా ఆగి చదవాలి. పెట్టగానే కనిపించే అంకెను నమ్మొద్దు.

పొగ సంగతి పూర్తిగా తేల్చండి

ముప్పై దాటాక ఎవరికైనా మొదటి సెకనులో వదలగల గాలి ఏడాదికి 25–30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతూ పోతుంది. పొగ పడనివాళ్లు కాలుస్తూనే ఉంటే ఆ తగ్గుదల దాదాపు రెట్టింపు. మానేస్తే పోయింది రాదు గానీ తగ్గే వేగం మామూలుకు వస్తుంది. “రోజుకు రెండే” అన్న లెక్క పనిచేయదు. బీడీ సన్నగా ఉంటుంది కదా అన్న లెక్క అసలే పనిచేయదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) చుట్ట కాల్చిన ఆడవాళ్లకూ, కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి వండినవాళ్లకూ ఇదే జబ్బు, ఇదే సాధన.

నికోటిన్ గమ్ వాడితే మామూలు చూయింగ్ గమ్‌లా నమలకండి. ఎక్కిళ్లు, కడుపులో మంట ఎక్కువగా అందువల్లే వస్తాయి. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి పక్క మార్చాలి. ఒక గమ్ అరగంట వస్తుంది. దానికి పావుగంట ముందు నుంచి కాఫీ, టీ వద్దు, వాటివల్ల మందు నోట్లోంచి ఒంటికి పట్టదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించే అలవాటున్నవాళ్లకు 2 మిల్లీగ్రాముల గమ్ చాలకపోవచ్చు, 4 మిల్లీగ్రాముల సంగతి డాక్టర్‌ని అడగండి. జాతీయ పొగాకు విముక్తి లైన్ 1800-11-2356 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఒక విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు పొగ మానేస్తే, అదే మోతాదుకు ఒంట్లో మందు మట్టం పెరుగుతుంది. పొగ ఆ మందును లివర్ తొందరగా అరగదీసేలా చేస్తుంది, పొగ పోయాక ఆ తొందర ఉండదు. వాంతి వచ్చినట్టుండటం, గుండెదడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అది పొగ మానినందుకు వచ్చిన నీరసం అనుకోకండి. మానేసిన వారంలోనే డాక్టర్‌కి చెప్పి మోతాదు చూపించుకోండి.

మానేసిన కొత్తలో దగ్గు, కళ్లె పెరగొచ్చు. గొట్టాల్లో కళ్లెను పైకి నెట్టే సన్నటి నూగు మళ్లీ పని మొదలుపెట్టిందని అర్థం. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. “కాలుస్తున్నప్పుడే నయం” అని మళ్లీ వెలిగించేది సరిగ్గా ఇక్కడే.

ఇంట్లో పొగ కూడా పొగే. దోమల కాయిల్ తీసేసి దోమతెర కట్టండి. అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి ఆ మనిషి ఉన్న గదిలో వద్దు. మిరపకాయల పోపు వేసేటప్పుడు వంటింటి కిటికీ తీసి, తలుపు మూయండి. భోగి మంట దగ్గరికీ దీపావళి బాణసంచా దగ్గరికీ పోకుండా ఉండటమే మంచిది.

పీల్చే మందు సరిగ్గా లోపలికి పోతోందా

సాధన ఫలించకపోవడానికి ఇంత మామూలు కారణం ఇంకోటి లేదు. మందు గొంతులోనే ఆగిపోతుంటే కాళ్లు ఎంత కదిపినా ఏం లాభం?

స్ప్రే పంపు అయితే స్పేసర్‌తోనే (పంపుకు తగిలించే ప్లాస్టిక్ డబ్బా) వాడండి. పంపు బాగా కుదిపి స్పేసర్‌కి తగిలించాలి. ఊపిరి నిదానంగా బయటికి వదిలి, పెదాలు బిగించి, ఒక్కసారి నొక్కి వెంటనే నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. అంతసేపు పట్టలేకపోతే స్పేసర్‌లోనే ఐదుసార్లు మామూలుగా ఊపిరి తీసి వదిలినా చాలు. రెండో పఫ్‌కి అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ కుదిపి నొక్కాలి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే మందు గోడలకు అంటుకుపోతుంది. స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి. బట్టతో తుడిస్తే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పుట్టి మందును లాక్కుంటుంది.

పొడి మందు పరికరానికి పద్ధతి పూర్తిగా ఎదురు. అక్కడ వేగంగా, గట్టిగా పీల్చాలి. ముందు ఊపిరి వదిలేటప్పుడు నోరు పక్కకు తిప్పండి, పరికరంలోకి ఊదితే తడికి పొడి గడ్డకడుతుంది. పీల్చాక క్యాప్సూల్ చూడండి, పొడి మిగిలి ఉంటే ఇంకోసారి పీల్చండి. ఆ క్యాప్సూల్‌ని మాత్రలా మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో ఒకసారి కళ్లారా చూడండి. స్టెరాయిడ్ ఉన్న మందు అయితే పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు.

ఆయాసాన్ని అదుపు చేసే ఊపిరి

నడక కన్నా ముందు మూడు రోజులు ఇదొక్కటే నేర్చుకోండి. భుజాలు వదులు చేసి, ముక్కుతో రెండంకెలు పీల్చండి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ మీద ఊదినంత మెల్లగా నాలుగంకెలు వదలండి. బలంగా ఊదొద్దు, బుగ్గలు పొంగించొద్దు. పెదాల దగ్గర కాస్త అడ్డు ఉండటంవల్ల చిన్న గొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి, చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది. రోజుకు నాలుగుసార్లు, ఐదేసి నిమిషాలు. కూర్చుని బాగా అలవాటైతేనే ఆయాసంలో గుర్తొస్తుంది.

దమ్ము ఎక్కువై గాభరా పుడితే కూర్చుని ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి. నిలబడి ఉంటే గోడనో బల్లనో పట్టుకుని వంగండి. చేతులకు ఆనిక దొరికితే మెడ, భుజాల కండరాలు కూడా ఊపిరికి సాయం చేస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

కపాలభాతి, భస్త్రిక, కుంభకం లాంటివి వద్దు. అసలే గాలి నిండి ఉబ్బిన ఛాతీలో వేగంగా కొట్టడం, బిగబట్టడం పనిని పెంచుతాయి.

నడక: వేగం ఎలా తేల్చుకోవాలి

మీ పరీక్ష రిపోర్టులో ఆరు నిమిషాలకు 240 మీటర్లు అని ఉందనుకుందాం. అంటే నిమిషానికి 40. సాధనకు అందులో 80 శాతం, అంటే నిమిషానికి 32 మీటర్లు. వరండాలోనో డాబా మీదో టేపుతో 10 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. ఒక గీత నుంచి రెండో గీతకు చేరితే ఒకసారి; అలా పది నిమిషాల్లో 32 సార్లు పోవాలి. గీతలు గీయకుండా “కాసేపు నడిచాను” అనేవాళ్లు నాలుగో వారానికీ అదే వేగంలో ఉంటారు.

రెండో కొలత మీ ఆయాసం. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇక తట్టుకోలేను. సాధనలో నాలుగు నుంచి ఆరు మధ్య ఉండాలి. చిన్న వాక్యం చెప్పగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆయాసం రెండు దగ్గరే ఉంటే కండరానికి పని పడలేదన్నమాట. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆయాసం మొదలవగానే ప్రమాదం అనుకుని కూర్చుంటారు. కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గే ఆయాసం ప్రమాదం కాదు. నాడి వేగం మీద మాత్రం ఆధారపడకండి, బీపీకో గుండెకో వేసుకునే కొన్ని మాత్రలు దాన్ని అణిచి ఉంచుతాయి.

వారానికి ఐదు రోజులు. అన్నం తిన్న గంటన్నర తర్వాతే. డాక్టర్ ఒప్పుకుంటే గొట్టాలు వెడల్పు చేసే పంపు పావుగంట ముందు తీసుకోండి. మొదటి ఐదు నిమిషాలు మెల్లగా నడక, భుజాలు తిప్పడం; చివరి ఐదు నిమిషాలు కూడా మెల్లగానే, హఠాత్తుగా ఆపొద్దు.

మొదటి రెండు వారాలు: రెండు నిమిషాలు నడక, నిమిషం విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. మూడు, నాలుగు వారాలు: నాలుగు నిమిషాలు నడక, నిమిషం విశ్రాంతి, నాలుగుసార్లు. ఐదు, ఆరు వారాలు: పది నిమిషాల చొప్పున రెండుసార్లు. ఏడు, ఎనిమిది వారాలు: ఇరవై ఐదు నుంచి ముప్పై నిమిషాలు, కావాలంటే మధ్యలో ఒక్కసారి ఆగి. వరసగా మూడు రోజులు ఆయాసం మూడు దాటకపోతే ముందు సమయం పెంచండి, ముప్పై నిమిషాలు వచ్చాకే వేగం పెంచండి. రెండూ ఒకేసారి పెంచితే మర్నాడు లేవలేరు, ఆ తర్వాతి రోజు మానేస్తారు.

ఆగిన వెంటనే ఆక్సీమీటర్ పెట్టండి, అన్నిటికన్నా తక్కువ అంకె తరచుగా ఆ మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. 88కి దిగితే కూర్చుని, 90 దాటాకే మళ్లీ లేవాలి. రోజూ అలాగే దిగుతుంటే నడకలో ఆక్సిజన్ కావాలేమో డాక్టర్ చూడాలి. ఇంట్లో కాన్సంట్రేటర్ (ఆక్సిజన్ ఇచ్చే మెషీన్) ఉన్నవాళ్లు లీటర్లు సొంతంగా పెంచకూడదు, కొందరిలో అది బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తు కమ్మడానికి దారి తీస్తుంది. ఆ గొట్టం ముక్కుకి ఉండగా దేవుడి దీపం దగ్గరికీ పొయ్యి దగ్గరికీ వెళ్లకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడులోపు ముగించండి. చలికాలం మంచు పట్టిన పొద్దున బయటికి పోకుండా హాల్లోనే ఉన్నచోట అడుగులు వేయండి.

కండరాలకు

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ముఖ్యమైంది కుర్చీలోంచి లేవడం. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ పూర్తిగా నిలబడి, మెల్లగా కూర్చోవాలి. 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. చేతులు కట్టుకుని లేవలేకపోతే కుర్చీ మీద మందపాటి దిండు వేసి ఎత్తు పెంచండి. కింద పడిపోయినట్టు కూలబడితే సగం లాభం పోతుంది, దిగేటప్పుడే తొడకు అసలు పని.

తర్వాత గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు భుజం ఎత్తు దాకా లేపడం. ప్రతిదీ 8 నుంచి 12. పన్నెండు తేలిగ్గా వస్తుంటే అరలీటర్ సీసా బదులు లీటర్ సీసా. చేతులు పైకెత్తినప్పుడు ఆయాసం ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ఊపిరికి సాయపడే భుజం కండరాలే అప్పుడు చేతులు మోస్తుంటాయి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు.

ఎంత మెరుగయ్యారో తెలియాలంటే మొదటి రోజు, నాలుగో వారం, ఎనిమిదో వారం ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు కూర్చుని లేచారో పక్కన ఒకరు ఉండగా లెక్కపెట్టి రాసుకోండి. మూడుసార్లు పెరిగినా అది నిజమైన మెరుగుదలే.

కళ్లె తీయడం

గట్టిగా దగ్గి దగ్గి అలిసిపోకండి. నిమిషం సేపు మామూలు ఊపిరి. తర్వాత మూడు లోతైన ఊపిర్లు, ఒక్కోటి మూడు సెకన్లు ఆపి వదలాలి. మళ్లీ మామూలు ఊపిరి. అప్పుడు నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు “హా” అని ఒకటి రెండుసార్లు కాస్త బలంగా వదలండి. కళ్లె గొంతు దాకా వచ్చాకే ఒక్క దగ్గు. ఈ వరస రెండు మూడుసార్లు, కళ్లె ఉన్న రోజుల్లో పొద్దున్నే. కళ్లె బాగా ఉన్నప్పుడు దగ్గును అణిచే సిరప్ తాగొద్దు, అది లోపలే ఉండిపోతుంది.

ఇంటి పనులు, తిండి

స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వేసుకోండి. తల మీద చెంబు పోసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టడం అందరికీ అలవాటే, పోసేటప్పుడు మెల్లగా వదలండి. లుంగీ ముడి, లంగా బొందు బొడ్డు దగ్గర బిగించి కడితే పొట్ట కదలక ఊపిరికి అడ్డం, కాస్త కిందికి, వదులుగా కట్టండి. గొంతుక్కూర్చునే దొడ్డి కష్టమైతే పైన పెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. మెట్ల దగ్గర నిలబడి పీల్చి, వదులుతూ రెండు మెట్లు ఎక్కి, మళ్లీ నిలబడాలి.

చిక్కిపోతున్న మనిషి నడిస్తే ఇంకా చిక్కుతాడు, తిండి సరిపోకపోతే. కిలో బరువుకు 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, 50 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాములు. రెండు గుడ్లకు 12, కప్పు ముద్దపప్పుకు 8, గ్లాసు పాలకు 6, కప్పు పెరుగుకు 6, గుప్పెడు వేరుశనగపప్పుకు 7, మధ్యాహ్నం చికెనో చేపో వంద గ్రాములకు 20 పైన. మాంసం తిననివాళ్లు పెసరట్టు, శనగలు, మీల్‌మేకర్, పనీర్‌తో పూడ్చుకోవాలి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ చెప్పిందే లెక్క. కంచం నిండా అన్నం ఒకేసారి తింటే నిండిన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెడుతుంది. అదే తిండి ఐదారుసార్లుగా తినండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. “మీరు కూర్చోండి, నేను తెస్తా” అనడం ప్రేమే కానీ, కాళ్లు చిక్కేది దానివల్లే. మంచినీళ్లు ఆయన్నే తెచ్చుకోనివ్వండి. గడియారం పట్టుకోవడం, పుస్తకంలో తేదీ, నడిచిన నిమిషాలు, ఆయాసం అంకె, ఆక్సీమీటర్ అంకె రాయడం మీ పని.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పరిగెత్తాలి

నడకలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె తడబడటం, పది నిమిషాల విశ్రాంతికీ తగ్గని ఆయాసం వస్తే ఆ రోజుకు ఆపి డాక్టర్‌కి చెప్పాలి. ఛాతీ నొప్పి విశ్రాంతికి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కళ్లె పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో మారి, ఎక్కువై, ఆయాసం మామూలు కన్నా పెరిగితే జబ్బు తిరగబెట్టిందని లెక్క. అదే రోజు చూపించుకోండి, సోమవారం దాకా ఆగొద్దు. పెదాలు, గోళ్లు నీలం కావడం, మాట పూర్తి చేయలేకపోవడం, మగతగా తిక్కగా మాట్లాడటం, పంపు వాడినా ఉపశమనం లేకపోవడం కనిపిస్తే వెంటనే 108. కళ్లెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పొగతాగినవాళ్లు క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాల్సిందే. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టర్ చెప్పినట్టు వేయించుకుంటే ఇలా తిరగబెట్టడం తగ్గుతుంది.

ఎనిమిది వారాలు అయ్యాక మానేస్తే వచ్చిన బలం కొన్ని నెలల్లో కరిగిపోతుంది. వారానికి మూడు నాలుగు రోజుల నడక, రెండు రోజుల కుర్చీ సాధన కొనసాగాలి. మధ్యలో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇంటికి వచ్చిన నాలుగు వారాల్లోపే మళ్లీ మొదలుపెట్టాలి, డాక్టర్ సరేనన్నాక. పాత నిమిషాల్లో సగంతో, పాత విశ్రాంతికి రెట్టింపుతో మొదలుపెట్టండి. డిశ్చార్జి కాగితం మీద నడక ఎప్పటి నుంచి, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, ఏ పంపు ఎన్నిసార్లు అన్నది రాయించుకున్నాకే ఆసుపత్రి గేటు దాటండి.